కృప అందరికీనా? తొలి మెథడిస్టు ప్రసంగాలపై పాఠకుల ప్రశ్నలు

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో మెథడిస్టులు ఏమి ప్రకటించారు, ఎలా ప్రకటించారు అన్న విషయం మీద వచ్చిన ఉత్తరాలలో కొన్నింటిని ఈసారి ఒకచోట చేర్చాను. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటలలో అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా చేశాను. బైబిలు వాక్యాలను మన సంఘాలలో చదివే పాత అనువాదం నుంచే ఇస్తున్నాను.

ప్రశ్న: మెథడిస్టులు కొత్త సిద్ధాంతమేదీ చెప్పలేదనీ, ఆంగ్లికన్ సంఘపు పుస్తకాలలో ఉన్నదే చెప్పారనీ చదివాను. అలాంటప్పుడు వారికి గుడి తలుపులు ఎందుకు మూశారు? (ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ)

జవాబు: మీరు చదివింది చాలావరకు నిజమే. మనిషి తన క్రియల వలన కాక విశ్వాసం వలననే నీతిమంతుడుగా తీర్చబడతాడన్న మాట ఆంగ్లికన్ సంఘపు ముప్పైతొమ్మిది విశ్వాస సూత్రాలలో పదకొండోది. మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ తనను తప్పుపట్టినవారి ముందు ఆ సూత్రాలనే తెరచి పెట్టేవారు; 1791 మార్చి 2న కన్నుమూసేదాకా ఆ సంఘపు గురువుగానే కొనసాగారు. ఆయన మీద వచ్చిన తగాదా అంతా ఆ పాత మాటను ఎక్కడ చెప్పారు, ఎవరికి చెప్పారు అన్న దాని మీదనే.

ఆ మాట ఆయనకే ఆలస్యంగా అర్థమయిందని గుర్తుంచుకోవాలి. 1703లో లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో ఒక ఆంగ్లికన్ గురువు ఇంట్లో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, అక్కడే కళాశాల ఫెలో అయిన మనిషి ఆయన. తమ్ముడు చార్లెస్‌తోనూ కొందరు స్నేహితులతోనూ కలిసి వేళ తప్పని ప్రార్థన, బుధ శుక్రవారాల ఉపవాసం, జైలు ఖైదీల పరామర్శ అంటూ ఒక పద్ధతిగా బతికేవారు కాబట్టి తోటి విద్యార్థులు ఎగతాళిగా పెట్టిన పేరే ‘మెథడిస్టులు’. అమెరికాలోని జార్జియాకు సువార్త పని మీద వెళుతుండగా, 1736 జనవరిలో, ఓడ తుపానులో చిక్కుకుంది. పెద్ద తెరచాప చినిగి ముక్కలయింది, నీళ్లు ఓడ పైతట్టును ముంచెత్తాయి, ఇంగ్లీషువారు కేకలు పెట్టారు. అదే సమయంలో ఆరాధన జరుపుకుంటున్న మొరేవియన్ అనే ప్రొటెస్టెంటు శాఖ జర్మనులు మాత్రం కీర్తన ఆపలేదు. తరువాత వెస్లీ వారిలో ఒకరిని అడిగారు: మీకు భయం వేయలేదా? లేదన్నాడాయన. మీ ఆడవాళ్లకూ పిల్లలకూ? మా ఆడవాళ్లు, పిల్లలు చావుకు భయపడరు అని జవాబు వచ్చింది. నా దృష్టిలో మెథడిస్టు ప్రసంగానికి విత్తనం పడింది అక్కడే. 1738 మే 24 సాయంత్రం లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటంలో ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా, తొమ్మిదికి పావుగంట తక్కువ వేళకు, తన హృదయం వింతగా వెచ్చబడిందనీ, క్రీస్తు ‘నా’ పాపాలను, అవును నావాటినే, తీసివేశాడన్న నిశ్చయం కలిగిందనీ ఆయన దినచర్యలో రాసుకున్నారు. ఆ రాతలో ‘నా’ అన్న మాటను ఆయన ఒత్తి పలికిన తీరు గమనించండి.

తరువాతి ఏడు అసలు మలుపు వచ్చింది. 1739 ఫిబ్రవరిలో, వెస్లీ ఆక్స్‌ఫర్డు స్నేహితుడు, ఇరవైనాలుగేళ్ల జార్జ్ విట్‌ఫీల్డ్, బ్రిస్టలు గుడులలో మాట్లాడనివ్వకపోయేసరికి, ఊరి బయట కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల వైపు వెళ్లారు. ఆ గని కూలీలకు దగ్గరలో గుడి లేదు, వారి కోసం కట్టించాలన్న ఆలోచనా ఎవరికీ రాలేదు. మొదటి రోజు రెండు వందల మంది విన్నారు. కొద్ది వారాలలో అది వేలకు చేరింది. గని నుంచి నేరుగా వచ్చి నిలబడిన ఆ నల్లటి చెంపల మీద కన్నీళ్లు తెల్లటి చారలు గీయడం చూసి, తన మాట వారికి తగిలిందని మొదట తెలుసుకున్నానని విట్‌ఫీల్డ్ రాశారు. ఆయన పిలుపు మీద వెస్లీ వచ్చారు గాని మనసు ఒప్పలేదు. గుడి లోపల కాక మరెక్కడైనా ఆత్మలను రక్షించడం దాదాపు పాపమనుకునేంత మర్యాదస్తుడినని తన గురించి తానే చెప్పుకున్నారు. ఏప్రిల్ 2న, సాయంత్రం నాలుగు గంటలకు, ‘ఇంకా నీచుడననిపించుకోవడానికి ఒప్పుకుని’, ఊరి అంచున ఒక చిన్న మిట్ట మీద నిలబడి సుమారు మూడు వేల మందికి వాక్యం చెప్పారు. ఎంచుకున్న వాక్యం లూకా 4:18: ‘బీదలకు సువార్త ప్రకటించుటకై ఆయన నన్ను అభిషేకించెను.’

ఇక తలుపులు మూయడానికి కారణాలు. ఇంగ్లండులో ప్రతి ఊరూ ఒక గురువు విచారణ (పారిష్) కింద ఉండేది. ఆయన అనుమతి లేకుండా ఆ ఎల్లలోకి వచ్చి బోధించడం క్రమభంగం. లోకమంతా నా విచారణే అని వెస్లీ ఇచ్చిన జవాబు ఇవాళ గోడల మీద రాసుకునే సూక్తి అయింది గాని, ఆనాడు అది ఒక క్రమశిక్షణ ఆరోపణకు ఇచ్చిన సంజాయిషీ. రెండో కారణం అంతస్తు. మెథడిస్టు బోధ విన్న బకింగ్‌హామ్ డచెస్ తన స్నేహితురాలికి రాస్తూ, నేల మీద పాకే అలగాజనానికి ఉన్నంత పాపిష్ఠి హృదయమే నీకూ ఉందని చెప్పించుకోవడం దారుణమని మండిపడ్డారు. ఆమె ఆ బోధను సరిగ్గానే అర్థం చేసుకున్నారని నా అభిప్రాయం. మూడోది, బ్రిస్టలు సభలలో కొందరు కేకలు వేసి పడిపోవడం. పరిశుద్ధాత్మ ప్రత్యేక ప్రత్యక్షతలు తమకున్నాయనడం భయంకరమైన విషయమని బ్రిస్టలు బిషప్ బట్లర్ వెస్లీ ముఖం మీదే అన్నారు.

సొంత ఊరు కూడా మినహాయింపు కాలేదు. 1742 జూన్ 6, ఆదివారం, వెస్లీ ఎప్‌వర్త్ వెళ్లి, తండ్రి ముప్పైతొమ్మిదేళ్లు సేవచేసిన గుడిలో ఆరాధనకు సాయపడతానంటే అక్కడి సహాయ గురువు కాదన్నారు. ఆ సాయంత్రం ఆరు గంటలకు వెస్లీ గుడి ఆవరణలో తండ్రి సమాధి రాతి మీద నిలబడి, ‘దేవుని రాజ్యము భోజనమును పానమును కాదు’ అన్న వాక్యం మీద మాట్లాడారు. ఊరు ఎన్నడూ చూడనంత జనం వచ్చారు. ఆ వారమంతా సాయంత్రాలు అదే రాయి ఆయనకు ప్రసంగ వేదిక అయింది.

ప్రశ్న: ఆ ప్రసంగాలు ఎలా ఉండేవి? నరకం భయం పెట్టి జనాన్ని ఏడిపించడమే వారి విద్య అంటారు. (ఒక వేదాంత విద్యార్థి, విజయవాడ)

జవాబు: భయం ఉంది, కాదనలేము. మెథడిస్టు సంఘంలో చేరడానికి పెట్టిన ఒకే ఒక షరతు ‘రాబోవు ఉగ్రతను తప్పించుకోవాలన్న కోరిక’ అని 1743 నాటి నియమావళిలోనే ఉంది. అయితే భయం వారి ప్రసంగంలో మొదటి మాట కాదు. 1751 డిసెంబరులో రాసిన ఒక ఉత్తరంలో వెస్లీ తన పద్ధతిని వరుసగా చెప్పారు. ఒక ఊరికి కొత్తగా వెళ్లినప్పుడు, దేవుడు పాపులను ప్రేమిస్తున్నాడు, వారు రక్షణ పొందాలని కోరుతున్నాడు అన్నది ముందుగా అందరికీ చెప్పాలి. ఆ తరువాత ధర్మశాస్త్రాన్ని వీలైనంత సూటిగా, మనస్సాక్షిని గాలించేటట్టుగా చెబుతూ, సువార్తను అక్కడక్కడ, దూరంగా కనబడేటట్టు మాత్రమే కలపాలి. పాపపు ఒప్పుకోలు కలిగినవారు పెరిగేకొద్దీ సువార్త పాలు పెంచుకుంటూ పోవాలి. వైద్యుడు మోతాదు మార్చినట్టు ఉంటుంది ఈ లెక్క. నొప్పి తెలియనివాడికి మందు చేదుగా మాత్రమే ఉంటుందనీ, నొప్పితో మెలికలు తిరుగుతున్నవాడికి ఇంకా నొప్పి పెట్టడం క్రూరత్వమనీ ఆయనకు తెలుసు.

భాష విషయంలో వెస్లీ పట్టుదల మరీ ఎక్కువ. 1746లో అచ్చయిన ప్రసంగాల ముందుమాటలో, సామాన్యులకు సామాన్యమైన సత్యం చెబుతున్నాననీ, తర్కపు చిక్కుముడులనూ పాండిత్య ప్రదర్శననూ కావాలనే వదిలేశాననీ అన్నారు. గ్రీకు, లాటిను, హెబ్రీ వచ్చిన ఆక్స్‌ఫర్డు మనిషి అలా రాయడం వెనుక ఎంత కొట్టివేత ఉండి ఉంటుందో, రాసేవారికి తెలుస్తుంది. అచ్చు ప్రసంగాలు చదివితే ఇందుకా జనం పడిపోయింది అనిపించేంత నింపాదిగా ఉంటాయి. ఉద్రేకం విట్‌ఫీల్డ్‌ది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకునేవారు, చేతులు ఆడించేవారు, కథలోని మనుషులై మాట్లాడేవారు. ఫిలడెల్ఫియాలో ఆయన వీధిలో మాట్లాడుతుండగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ మాట వినబడినంత దూరం వెనక్కి నడిచి, ఆ వ్యాసార్ధంతో అర్ధవృత్తం వేసి, మనిషికి రెండు చదరపు అడుగుల చొప్పున లెక్క కట్టి, ముప్పై వేల మందికి పైగా వినగలరని తేల్చారు. మైకు లేని రోజులు అవి.

వేదిక మీద గొంతు చించుకునేవారికి వెస్లీ 1775లో ఒక ప్రసంగీకుడికి రాసిన ఉత్తరం చూపించాలని నాకు తరచు అనిపిస్తుంది. నీ ఆత్మకే ప్రమాదం, ఇక అరవకు. నేను బిగ్గరగా మాట్లాడతాను గాని ఎన్నడూ అరవను అన్నది దాని సారం.

ప్రశ్న: పిల్లి తన కూనను నోట కరచుకుని తీసుకుపోతుంది, కోతిపిల్ల తానే తల్లిని పట్టుకుని వేలాడుతుంది. మా ఇంట్లో పెద్దలు శరణాగతి గురించి ఈ మార్జాలకిశోర, మర్కటకిశోర న్యాయాలు చెబుతారు. వెస్లీ చెప్పిన కృప పిల్లిదా, కోతిదా? (ఒక పాఠకురాలు, తిరుపతి)

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టిన ప్రశ్న ఇది. రెండు సంప్రదాయాల పునాదులు వేరు కాబట్టి పోలిక కొంత దూరమే నడుస్తుంది. అయినా ఆ కొంత దూరం నడవడం మంచిదే.

విట్‌ఫీల్డ్‌ను అడిగితే తడుముకోకుండా పిల్లి అనేవారు. వెస్లీ కోతి అనేవారని చాలామంది అనుకుంటారు, ఆయన విరోధులూ అదే నింద వేశారు. కాని పతనమైన మనిషికి దేవుణ్ణి పట్టుకునే చెయ్యి స్వతహాగా లేదని చెప్పడంలో వెస్లీ, ఎవరు రక్షణ పొందాలో దేవుడే ముందుగా నిర్ణయించాడని బోధించిన కాల్విన్‌కు ఏమాత్రం తీసిపోరు. 1745లో ప్రసంగీకులతో జరిపిన సమావేశపు నివేదికలో, సమస్త మేలునూ దేవుని ఉచిత కృపకే ఆపాదించడంలో, కృపకు ముందు మనిషికి ఏ శక్తీ లేదనడంలో, మనిషి యోగ్యతను పూర్తిగా తోసివేయడంలో మనం కాల్విన్ బోధ అంచుదాకా వెళ్లవచ్చునని రాసుకున్నారు. మరి పిలుపుకు జవాబు చెప్పవలసిన బాధ్యత మనిషికి ఎలా వచ్చింది? ఇక్కడ ఆయన ‘ముందుగా వచ్చే కృప’ అన్న మాట తెస్తారు. మనిషి దేవుణ్ణి తలచుకోకముందే, క్రీస్తు అందరికొరకు చనిపోయినందువలన, ఆ కృప ప్రతి మనిషిలోనూ పని మొదలుపెట్టింది. మనస్సాక్షి అని మనం పిలిచేది ప్రకృతి ఇచ్చింది కాదు, ఆ కృప ఇచ్చిందే. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో ‘ప్రతి మనుష్యుని వెలిగించుచున్న’ వెలుగు అదే. మీ పోలికలో చెప్పాలంటే, చేతులు చచ్చుబడి పడివున్న పిల్ల దగ్గరకు తల్లే వచ్చి, ముందు ఆ చేతులలో జీవం పోసి, ఆ తరువాత పట్టుకోమంటుంది. పట్టుకోకపోవడానికి ఆ పిల్లకు వీలుంది; పట్టుకున్నా అది దాని గొప్ప కాదు. 1785లో అచ్చయిన ఒక ప్రసంగంలో ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయం మీద ఆయన కట్టిన వాదం రెండు ముక్కలు: దేవుడు మీలో పని చేస్తున్నాడు గనుక మీరు పని చేయగలరు, దేవుడు మీలో పని చేస్తున్నాడు గనుక మీరు పని చేయాలి.

ఇదే విషయం మీద ఇద్దరు మిత్రులూ విడిపోయారు. 1739లోనే వెస్లీ బ్రిస్టలులో ‘ఉచిత కృప’ అన్న ప్రసంగం చేసి అచ్చు వేయించారు. తీసుకున్న వాక్యం రోమా 8:32. అందులో దేవుడు తన కుమారుని ‘మన అందరికొరకు’ అప్పగించాడని ఉంది. ఫలానావారు రక్షణకు, ఫలానావారు నాశనానికి అని అనాదిలోనే నిర్ణయమైపోయి ఉంటే ప్రసంగమే వ్యర్థమని ఆయన వాదన: ఎన్నికైనవారు విన్నా వినకపోయినా తప్పక చేరతారు, కానివారు ఎంత విన్నా చేరరు. అలాంటి దేవుణ్ణి నమ్మమంటే ప్రేమ అన్న మాటకు అర్థం లేకుండా పోతుందని ఆయన కోపంగానే అన్నారు. 1740 డిసెంబరు 24న జార్జియా నుంచి విట్‌ఫీల్డ్ జవాబు రాశారు. దేవుడు ఎవరిని ఏర్పరచుకున్నాడో ప్రసంగీకుడికి తెలియదు కాబట్టే అందరికీ ప్రకటించాలి, దేవుడు తన నిర్ణయాన్ని నెరవేర్చుకునే సాధనమే ప్రసంగం అన్నారు. ఇది బలహీనమైన జవాబేమీ కాదు. దాని మీద నిలబడి ఆయన వెస్లీ కంటే పెద్ద సభలకే ప్రకటించారు. వేల్స్‌లో హావెల్ హారిస్, డేనియల్ రోలండ్ నడిపిన ఉజ్జీవం కూడా ఆ పక్షానిదే. 1741 నాటికి మెథడిస్టులు రెండు పాయలయ్యారు.

తర్కంలో ఎవరిది పైచేయి అని నేను తేల్చబోవడం లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. జార్జియాలో తన అనాథాశ్రమం నడవడానికి బానిసత్వాన్ని చట్టబద్ధం చేయాలని వాదించి, బానిసలను ఉంచుకున్నవారు విట్‌ఫీల్డ్. 1774లో బానిస వ్యాపారాన్ని ఎండగడుతూ పుస్తకం రాసి, చనిపోవడానికి వారం ముందు ఆ వ్యాపారాన్ని ఆపించడానికి పార్లమెంటులో పోరాడుతున్న విల్బర్‌ఫోర్స్‌కు ధైర్యం చెబుతూ ఉత్తరం రాసినవారు వెస్లీ. దీనికి మూలం సిద్ధాంతమేనని గట్టిగా అనలేము, కాల్విన్ పక్షంలోనూ బానిసత్వాన్ని ఎదిరించినవారు ఉన్నారు. అయినా ‘అందరికొరకు’ అన్న మాటను యాభై ఏళ్లు ఊరూరా చెప్పిన నోటికి కొందరిని మినహాయించడం కష్టమవుతుందని నేననుకుంటాను. స్నేహం మాత్రం తెగిపోలేదు. 1770లో విట్‌ఫీల్డ్ అమెరికాలో మరణించినప్పుడు, ఆయన కోరిక ప్రకారం లండనులో సంతాప ప్రసంగం చేసింది వెస్లీయే.

ప్రశ్న: నా పాపాలు క్షమించబడ్డాయని నాకు ‘తెలియాలి’ అంటారు మా పాస్టరుగారు. నాకు అలాంటి అనుభవం లేదు. నేను విశ్వాసిని కానట్టేనా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: మీ పాస్టరుగారు చెప్పిన మాట మెథడిస్టుల నుంచి వచ్చిందే. రోమా 8:16లో ‘మనము దేవుని పిల్లలమని ఆత్మ తానే మన ఆత్మతో కూడ సాక్ష్యమిచ్చుచున్నాడు’ అని ఉంది. 1735లో మరణశయ్య మీద ఉన్న తండ్రి, లోపలి సాక్ష్యమే క్రైస్తవానికి అన్నిటికంటే బలమైన రుజువని జాన్‌తో చెప్పారు. ఆనాడు ఆ మాట కొడుక్కి అర్థం కాలేదు. ఆల్డర్స్‌గేట్ తరువాత అన్నదమ్ములిద్దరూ ఆ సాక్ష్యం లేనివారికి రక్షణ విశ్వాసమే లేదన్నంత గట్టిగా బోధించారు. ఎన్నో సభలలో మంచి మనుషులు ఆ మాట విని కుమిలిపోయారు.

ఆ తరువాత జరిగింది మీరు తెలుసుకోవాలి. వెస్లీ మనసు మార్చుకున్నారు, మార్చుకున్నానని దాచలేదు. దేవునికి భయపడి నీతిగా నడిచేవారిది ‘దాసుని విశ్వాసం’, ఆత్మ సాక్ష్యం పొందినవారిది ‘కుమారుని విశ్వాసం’ అని విడదీశారు. మొదటిది తక్కువే కావచ్చు గాని దేవుడు తోసివేసేది కాదు, దాసుడు ముందుకు నడవాలి అన్నారు. ముసలితనంలో, 1788లో, ఒక యువ మిత్రునితో మాట్లాడుతూ, యాభై ఏళ్ల కిందట నా తమ్ముడూ నేనూ అమాయకంగా, మీ పాపాలు క్షమించబడ్డాయని మీకు తెలియకపోతే మీరు దేవుని ఉగ్రత కింద ఉన్నారని జనానికి చెప్పినప్పుడు, వారు మమ్మల్ని రాళ్లతో కొట్టకపోవడం నాకు ఆశ్చర్యమని అన్నారు. నిశ్చయత అందరికీ ఉన్న హక్కని చెప్పడం ఆయన చివరిదాకా మానలేదు. లేనివారిని శపించడం మానేశారు. మీ పాస్టరుగారితో మాట్లాడేటప్పుడు ఈ రెండూ చెప్పండి.

ఆ సాక్ష్యం ఉందని చెప్పుకునేవారిని కూడా ఆయన ఊరికే వదలలేదు. ప్రేమ, సంతోషం, సమాధానం వంటి ఆత్మ ఫలాలు బయట కనబడకపోతే, లోపల విన్నానన్న మాట భ్రమ కావచ్చునని హెచ్చరించారు.

ప్రశ్న: ఈ లోకంలోనే పరిపూర్ణత సాధ్యమని వెస్లీ బోధించారట. ఇది అతిశయం కాదా? (విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

జవాబు: ఆనాటివారిలో చాలామంది అలాగే అన్నారు, ఆయన సొంత ప్రసంగీకులలో కూడా కొందరికి మింగుడుపడలేదు. ‘మీ పరలోకపు తండ్రి పరిపూర్ణుడు గనుక మీరును పరిపూర్ణులుగా ఉండెదరు’ అన్న మాటను ఆజ్ఞగానే కాక వాగ్దానంగా చదవాలని వెస్లీ పట్టు. దేవుడు క్షమించి వదిలేస్తాడా, బాగుచేస్తాడా అన్నదే ఆయన ప్రశ్న. నీతిమంతుడుగా తీర్చబడడం దేవుడు మన కొరకు చేసే పని. నూతన జన్మ, పరిశుద్ధత మనలో చేసే పని. మొదటిది క్షణంలో అవుతుంది, రెండోది ఆ క్షణంలో మొదలై పెరుగుతుంది, ఆ పెరుగుదలకు మరణానికి ముందే ఒక నిండుదనం ఉంది అన్నది ఆయన బోధ.

ఆ నిండుదనానికి ఆయన ఇచ్చిన నిర్వచనం చూస్తే అతిశయం చాలావరకు కరిగిపోతుంది. దేవుణ్ణి పూర్ణహృదయంతో, పొరుగువాణ్ణి తనవలె ప్రేమించడమే పరిపూర్ణత. అజ్ఞానం పోదు, పొరపాట్లు పోవు, జబ్బులు పోవు, శోధనలు పోవు. తెలిసి తెలిసి దేవుని ఆజ్ఞ మీరడం మాత్రం పోతుంది. పాపమన్న మాటను ఇలా ఇరుకు చేయడం సరేనా అని విమర్శకులు అడిగారు. తెలియక చేసిన కీడు కీడు కాకుండా పోదు కాబట్టి, ఆయన సిద్ధాంతంలో నాకు బలహీనంగా కనబడే చోటు ఇదే.

ప్రమాదం కూడా అక్కడి నుంచే వచ్చింది. 1762లో లండను సంఘంలో కొందరు తాము పరిపూర్ణులమయ్యామని చాటుకున్నారు. వారిలో జార్జ్ బెల్ అనే మాజీ సైనికుడు 1763 ఫిబ్రవరి 28న లోకాంతమని ప్రకటించాడు. వెస్లీ దానిని బహిరంగంగా ఖండించినా సంఘం చీలింది, ఎంతోమంది వెళ్లిపోయారు. పరిపూర్ణత పొందానని వెస్లీ తన గురించి ఎన్నడూ చెప్పుకోలేదు. నేను వర్ణించిన ఆ స్థితికి నేను చేరలేదని 1767లో పత్రికాముఖంగానే రాశారు.

ప్రశ్న: ఉజ్జీవ సభలు అయిపోగానే అంతా మామూలైపోతుంది. మెథడిస్టుల ప్రసంగం ఎలా నిలిచింది? (సంఘ కార్యదర్శి, జహీరాబాద్)

జవాబు: ఒక అప్పు వలన నిలిచింది. బ్రిస్టలులో వారు కట్టుకున్న న్యూ రూమ్ అనే మందిరం మీద బాకీ మిగిలింది. 1742 ఫిబ్రవరిలో దాన్ని ఎలా తీర్చాలని కూర్చుని మాట్లాడుకుంటుండగా, కెప్టెన్ ఫాయ్ అనే ఆయన లేచి, అప్పు తీరేదాకా సంఘంలోని ప్రతివారూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలన్నారు. చాలామంది బీదవారు, ఇవ్వలేరని ఇంకొకరన్నారు. అయితే అందరికంటే బీదవారిని పదకొండు మందిని నాకు అప్పగించండి, వారం వారం వారి ఇంటికి వెళతాను, ఇవ్వగలిగితే తీసుకుంటాను, లేకపోతే వారి పెన్నీ నేనే వేస్తాను అని ఫాయ్ జవాబిచ్చారు. మిగిలినవారూ అలాగే పన్నెండేసి మందిని పంచుకున్నారు. పెన్నీ కోసం గడప తొక్కినవారికి ఇంట్లో జరిగేవి కనబడసాగాయి. ఫలానావాడు తాగుతున్నాడు, ఫలానా ఇంట్లో భార్యాభర్తలకు పొసగడం లేదు, ఫలానా ముసలామె జబ్బుపడి ఉంది అన్న సంగతులు వెస్లీ చెవిన పడ్డాయి. ఎన్నాళ్లుగానో మనం వెతుకుతున్నది ఇదే కదా అని ఆయనకు తట్టింది. ఇంటింటికీ తిరగడం కష్టమై, తరువాత ఆ పన్నెండు మందీ వారానికొకసారి ఒకచోట కలుసుకునేవారు. అదే క్లాసు మీటింగు. అందులో ప్రసంగం లేదు. నీ ఆత్మ ఎలా ఉంది అన్న పలకరింపు, సూటి జవాబు, ప్రార్థన ఉండేవి. మూడు నెలలకొకసారి టికెట్టు ఇచ్చేవారు. నడత చెడినవారికి టికెట్టు వచ్చేది కాదు.

1763లో వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ తిరిగి చూసి వెస్లీ రాసుకున్న మాట చాలా కఠినంగా ఉంటుంది. అక్కడ ఇరవై ఏళ్లుగా ప్రసంగాలు జరిగాయి గాని క్లాసులు లేవు. మేలుకొన్నవారిలో పదిమందికి తొమ్మిదిమంది మళ్లీ నిద్రపోయారు. అపొస్తలుడిలా ప్రసంగించి, మేలుకొన్నవారిని ఒకచోట కలపకుండా వదిలేయడమంటే హంతకుడి కోసం పిల్లల్ని కనడమేనని ఆయన అన్నారు. మీ సభల నిర్వాహకులు కుర్చీల లెక్కతో పాటు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

ప్రశ్న: మెదక్ చర్చి మెథడిస్టులది అంటారు, బోర్డు మీద సి.ఎస్.ఐ. అని ఉంటుంది. ఏది నిజం? (డిగ్రీ విద్యార్థి, సిద్దిపేట)

జవాబు: రెండూ నిజమే. మెదక్ గుడి కట్టించింది బ్రిటిషు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్; 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు, ఆంగ్లికన్లతోనూ ఇతరులతోనూ పాటు ఆ వెస్లియన్ సంఘాలూ అందులో కలిసిపోయాయి. అమెరికా నుంచి వచ్చిన మెథడిస్టుల సంఘాలు ఆ ఐక్యతలో చేరలేదు. హైదరాబాదులోనూ తెలంగాణ పట్టణాలలోనూ మెథడిస్టు పేరుతోనే కనబడే గుడులు ఆ శాఖవి, ఇప్పుడవి మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాలో భాగం.

ప్రశ్న: కృప అందరికీ అన్నారు సరే, ప్రసంగం అందరిదీనా? ఆడవాళ్లకు వేదిక ఇచ్చారా? (బైబిలు మహిళగా పనిచేసిన పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఇచ్చీ ఇవ్వనట్టు ఇచ్చారు. ఈ కథ వెస్లీ కంటే ముందు ఆయన తల్లి సుసన్నాతో మొదలవుతుంది. 1712 ప్రాంతంలో భర్త లండనులో ఉండగా ఆమె ఇంట్లో పిల్లలకు, పనివారికి ఆదివారం సాయంత్రాలు ప్రసంగ పుస్తకం చదివి వినిపిస్తుంటే, ఇరుగుపొరుగు చేరి చేరి సుమారు రెండు వందల మందయ్యారు. సహాయ గురువు ఫిర్యాదు చేయగా భర్త ఆపమని రాశారు. ఆపాలని కోరుతున్నాను అని రాయకండి. ఆపమని ఖండితంగా ఆజ్ఞాపించండి, రేపు తీర్పు దినాన ఈ ఆత్మల లెక్క నా మీద పడకుండా ఉంటుంది అని ఆమె తిరిగి రాశారు. ఆజ్ఞ రాలేదు.

చాలా ఏళ్ల తరువాత లండనులో, వెస్లీ ఊళ్లో లేని సమయంలో, అభిషేకం లేని థామస్ మాక్స్‌ఫీల్డ్ అనే యువకుడు వేదికెక్కి ప్రసంగించాడని తెలిసి వెస్లీ ఆగ్రహంతో తిరిగొచ్చినప్పుడు అడ్డుపడింది కూడా సుసన్నాయే. నిన్ను పిలిచినంత నిశ్చయంగా దేవుడు ఈ అబ్బాయినీ పిలిచాడు, ముందు నువ్వు విను అన్నారామె. ఆయన విన్నారు, ఒప్పుకున్నారు. తాపీపనివారు, సైనికులు, రొట్టెలు కాల్చేవారు ప్రసంగీకులు కావడానికి దారి తెరుచుకున్నది అలాగే.

ఆడవారి వంతు 1761లో వచ్చింది. సారా క్రాస్‌బీ డార్బీ పట్టణంలో ముప్పైమంది ఉన్న క్లాసు నడపడానికి వెళితే, రెండు వందల మంది వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరితో మాట్లాడడం సాధ్యం కాక, ఆమె కీర్తన పాడించి, ప్రార్థించి, ప్రభువు తనకు చేసింది నిలబడి చెప్పారు. హద్దు దాటానేమోనని వెస్లీకి రాశారు. ఆయన ఇచ్చిన సలహా ముచ్చటగా ఉంటుంది: నువ్వు హద్దు దాటలేదు, ఈసారి వాళ్లతో, మెథడిస్టులు స్త్రీ ప్రసంగీకులను ఒప్పుకోరు, నేనూ ఆ పేరు పెట్టుకోను, నా మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను అంతే అని చెప్పు. అంటే మాట్లాడు, పేరు మాత్రం పెట్టకు అని. పదేళ్లకు, 1771లో, మేరీ బోసన్‌కెట్ అడిగినప్పుడు ఆయన ఇంకాస్త ముందుకు వచ్చి, ఆమెకు అసాధారణమైన పిలుపు ఉందనీ, మెథడిస్టు పని అంతా దేవుని అసాధారణ ఏర్పాటే కాబట్టి మామూలు నియమాలు దానికి అన్నిచోట్లా వర్తించనవసరం లేదనీ రాశారు.

ఆయన పోయిన పన్నెండేళ్లకు, 1803లో, మాంచెస్టరులో కూర్చున్న ప్రసంగీకుల సమావేశం ఆడవారు ప్రసంగించకూడదని తీర్మానించింది. పిలుపు మరీ గట్టిగా ఉందనుకునేవారు స్త్రీలకు మాత్రమే, పై అధికారి అనుమతితో, చెప్పుకోవచ్చునన్నారు.